ఫ్లైగర్ల్ (నవల)

ఫ్లైగర్ల్ అమెరికన్ రచయిత్రి షెర్రీ ఎల్. స్మిత్ ఆంగ్లంలో వ్రాసిన చారిత్రక నవల. యువ పాఠకులను ఉద్దేశించిన ఈ పుస్తకాన్ని 2009 జనవరిలో జి.పి. పట్నమ్స్ సన్స్ సంస్థ ప్రచురించింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి విమానాలు నడిపిన వాస్ప్ అనే మహిళా దళంలో చేరడానికి, లేత ఛాయ గల ఒక నల్లజాతి యువతి తాను తెల్లజాతి స్త్రీనని చెప్పుకోవడం ఇందులోని ఇతివృత్తం. కథానాయిక ఐడా మే జోన్స్ కల్పిత పాత్ర. ఆమె ఎదుర్కొన్న అడ్డంకి మాత్రం కల్పితం కాదు. వాస్ప్‌లో శిక్షణ పూర్తి చేసిన 1,074 మందిలో ఆఫ్రికన్ అమెరికన్‌గా నమోదైన స్త్రీ ఒక్కరు కూడా లేరు.

రచయిత్రి

షెర్రీ ఎల్. స్మిత్ షికాగోలో జన్మించింది, లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడింది. ఫ్లైగర్ల్‌కు ముందు లూసీ ద జయంట్ (2002), స్పారో (2006), హాట్ సోర్ సాల్టీ స్వీట్ (2008) అనే నవలలు వ్రాసింది. వాస్ప్ దళం గురించిన ఒక రేడియో కార్యక్రమం విన్నప్పుడు ఈ నవల ఆలోచన ఆమెకు కలిగింది.

కథ

1941 డిసెంబరులో కథ మొదలవుతుంది. ఐడా మే లూసియానా రాష్ట్రంలోని స్లైడెల్ అనే చిన్న పట్టణానికి చెందినది. తండ్రి పొలాలపై మందు చల్లే విమానం నడిపేవాడు. పాత కర్టిస్ జెన్నీ విమానంలో కూతురికి కూడా విమానం నడపడం నేర్పాడు. పొలంలో ట్రాక్టరు ప్రమాదంలో ఆయన మరణించగా, ఐడా తన స్నేహితురాలు జోలీన్‌తో కలిసి న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవారి ఇళ్ళలో పనిమనిషిగా చేస్తూ డబ్బు కూడబెడుతుంటుంది. షికాగో వెళ్ళి నల్లజాతివారు నడిపే విమాన పాఠశాలలో లైసెన్సు పరీక్షకు కూర్చోవాలన్నది ఆమె ఆశ.

అంతకు ముందే అలబామాలోని టస్కీగీలో ఆమె పరీక్షకు హాజరైంది. విమానం బాగానే నడిపినా, స్త్రీ కనుక లైసెన్సు ఇచ్చేది లేదని అక్కడి పరీక్షకుడు తేల్చి చెప్పాడు. నవల మొత్తానికి ఇదే పునాది. నల్లజాతివారి గడ్డపై ఆమె స్త్రీ కావడం అడ్డు, స్త్రీల దళంలో ఆమె నల్లజాతి కావడం అడ్డు.

పెర్ల్ హార్బర్‌పై దాడి తరువాత అన్న థామస్ వైద్య విద్యను మధ్యలో వదలి సైన్యంలో చేరతాడు. కొంతకాలానికి తమ్ముడు ఏబెల్ వాస్ప్ గురించిన పత్రికా వార్తను తెచ్చి అక్కకు చూపుతాడు. ఐడా తండ్రి లైసెన్సును తన పేరుకు అనుగుణంగా దిద్ది, తండ్రి వైపు నుంచి వచ్చిన తెల్లని ఛాయను ఆసరా చేసుకుని దరఖాస్తు పెడుతుంది. తల్లి ఒప్పుకోదు. జోలీన్ మరీ బాధపడుతుంది. నల్లని చర్మం గల జోలీన్‌కు అలాంటి అవకాశం ఎన్నటికీ రాదు. స్నేహితురాలు తనను దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోతున్నదని ఆమెకు తెలుసు.

టెక్సాస్‌లోని స్వీట్‌వాటర్‌లో ఉన్న అవెంజర్ ఫీల్డ్ శిక్షణ కేంద్రంలో ఐడాకు ఇద్దరు స్నేహితురాళ్ళు ఏర్పడతారు. న్యూయార్క్‌కు చెందిన ధనవంతుల బిడ్డ లిలీ లోవెన్‌స్టైన్ యూదురాలు. ప్యాట్సీ కేక్ విమానం రెక్కలపై నడిచే విన్యాసాలు చేసినది. లిలీ కూడా అందరిలో పూర్తిగా కలవని మనిషే, కానీ ఆమె తన పేరు దాచుకోనవసరం లేదు. వాల్ట్ జెంకిన్స్ అనే శిక్షకుడికి, ఐడాకు మధ్య అనురాగం అంకురిస్తుంది. ఇది ప్రేమకథగా మారలేదు. నల్లజాతి, తెల్లజాతి వ్యక్తుల మధ్య వివాహం ఆ రోజుల్లో టెక్సాస్‌లోనూ లూసియానాలోనూ చట్టవిరుద్ధం. అలాంటి చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది 1967లో.

నవలలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం తల్లి రాక. థామస్ యుద్ధరంగంలో కనబడకుండా పోయాడన్న కబురుతో తల్లి కూతురిని వెతుక్కుంటూ శిక్షణ కేంద్రానికి వస్తుంది. తెల్లజాతి స్త్రీగా కూతురికి ఉన్న పలుకుబడితో కొడుకు జాడ తెలుసుకోవాలని ఆమె ఆశ. అందరి కళ్ళ ముందు ఐడా కన్నతల్లిని ఇంటి పనిమనిషిగా చూపవలసి వస్తుంది. తల్లి కూడా ఆ పాత్రను తడబడకుండా పోషిస్తుంది. రచయిత్రి ఇక్కడ ఆవేశపూరితమైన సంభాషణలు వ్రాయలేదు. ఇద్దరూ ఇంతకాలం తెల్లవారి ఇళ్ళలో నేర్చుకున్న వినయమే ఇప్పుడు తల్లీకూతుళ్ళ మధ్య అడ్డుగోడగా నిలుస్తుంది.

విమాన ప్రమాదంలో ప్యాట్సీ మరణం, ఆ తరువాత ఐడా, లిలీ కలిసి బి-29 బాంబరును నడిపే ఘట్టం నవల చివరి భాగంలో వస్తాయి. వాస్ప్ రద్దయ్యే వేళకు ఐడా ముందు ఒకే ప్రశ్న మిగులుతుంది. ఇంటికి వెళ్ళి తాను పుట్టిన జాతిలో బ్రతకడమా, లేక ఆకాశం కోసం జీవితమంతా ఈ వేషంలోనే ఉండిపోవడమా?

పాసింగ్ అనే ఆచారం

ఒక జాతికి చెందిన మనిషి మరొక జాతివాడిగా చలామణీ కావడాన్ని అమెరికాలో పాసింగ్ అంటారు. మన దేశంలో వధువు ఛాయ గురించి జరిగే చర్చ వంటిది కాదిది. అక్కడ ఛాయకు చట్టం తోడైంది. పూర్వీకులలో ఒక్కరు నల్లజాతివారైనా ఆ మనిషి నల్లజాతి కిందికే వస్తాడన్న సూత్రం దక్షిణ రాష్ట్రాలలో పాతుకుపోయినది. ఈ నవలకు లూసియానా నేపథ్యం కావడంలో ఔచిత్యం ఉన్నది. ఎనిమిది పాళ్ళలో ఏడు పాళ్ళు తెల్లజాతి రక్తం గల న్యూ ఆర్లియన్స్ వాసి హోమర్ ప్లెస్సీ 1892లో తెల్లవారి రైలుపెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. చట్టాన్ని కోర్టులో సవాలు చేయాలని ఒక పౌర సంఘం ముందుగా ఆలోచించి చేసిన పని అది. అతని వ్యాజ్యంలో 1896లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు జాతి విభజనకు దేశవ్యాప్తంగా చట్టబద్ధత కల్పించింది. రైలు, పాఠశాల, ఆసుపత్రి, శ్మశానం అన్నీ వేరు వేరుగా నడిచాయి.

పాసింగ్‌లో పట్టుబడితే ఉద్యోగం మాత్రమే పోదు. అబద్ధం చెప్పి తెల్లవారి పక్కన పడుకున్నందుకు, భోజనం చేసినందుకు దాడికి గురయ్యే ప్రమాదం ఉండేది. పట్టుబడకపోతే కుటుంబానికి దూరం కావలసి వచ్చేది. నెల్లా లార్సెన్ నవల పాసింగ్ (1929) ఈ విషయంపై ప్రసిద్ధమైన రచన. నల్లజాతి సాహిత్యంలో అప్పటికే స్థిరపడిన ఈ ఇతివృత్తాన్ని స్మిత్ విమానశాలలోకి తీసుకువచ్చింది.

చారిత్రక నేపథ్యం

1942 సెప్టెంబరులో నాన్సీ హార్క్‌నెస్ లవ్ నాయకత్వంలో అనుభవజ్ఞులైన మహిళా పైలట్లతో ఒక చిన్న దళం ఏర్పడింది. అదే సంవత్సరం నవంబరులో జాక్వెలిన్ కాక్రన్ నాయకత్వంలో హ్యూస్టన్‌లో కొత్తవారికి శిక్షణ మొదలైంది. ఈ రెండూ 1943 ఆగస్టులో కలిసి వాస్ప్ అయ్యాయి. శిక్షణ కేంద్రం అప్పటికే స్వీట్‌వాటర్‌కు మారింది. 25,000కు పైగా స్త్రీలు దరఖాస్తు చేయగా 1,830 మందిని తీసుకున్నారు. వీరు కర్మాగారాల నుండి స్థావరాలకు విమానాలు చేరవేశారు, మరమ్మతు చేసిన విమానాలను పరీక్షించారు, సైనికులు గురి అభ్యసించడానికి గుడ్డ లక్ష్యాలను విమానం వెనుక కట్టి లాగారు. అన్నీ కలిపి సుమారు 6 కోట్ల మైళ్ళు ఎగిరారు. 38 మంది ప్రాణాలు కోల్పోయారు.

సైన్యం పని చేసినా వీరు సైనికులు కారు, పౌర ఉద్యోగులు మాత్రమే. మరణించినవారి శవపేటికపై జెండా కప్పే హక్కు లేదు, మృతదేహాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా ప్రభుత్వం భరించలేదు. తోటి పైలట్లు చందాలు వేసుకున్న సందర్భాలు ఉన్నాయి. వాస్ప్‌ను సైన్యంలో చేర్చే బిల్లు 1944 జూన్‌లో ప్రతినిధుల సభలో ఓడిపోయింది. డిసెంబరు 20న దళం రద్దయింది. మాజీ సైనికులుగా గుర్తింపు 1977లో గాని రాలేదు. నవల వెలువడిన 2009లోనే కాంగ్రెస్ స్వర్ణ పతకానికి సంబంధించిన చట్టంపై సంతకం జరిగింది, 2010 మార్చిలో పతకం ప్రదానం చేశారు.

నల్లజాతి దరఖాస్తుదారులు

ఐడా వంటి స్త్రీలు నిజంగానే ఉన్నారు, తేడా ఏమిటంటే వారు తమ జాతి దాచుకోలేదు. షికాగో వాసి జేనెట్ హార్మన్ బ్రాగ్ (1907-1993) వృత్తిరీత్యా నర్సు. 1930లలో విమానం నడపడం నేర్చుకున్నది. తెల్లవారి విమానాశ్రయాలలో చోటు లేనందున ఆమె బృందం రాబిన్స్ అనే నల్లజాతి గ్రామంలో స్వయంగా విమానాశ్రయం నిర్మించుకున్నది, ఆమె తన సొంత డబ్బుతో విమానం కొన్నది. కాక్రన్ దళంలో చేరడానికి ఆమె ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు అక్కడి అధికారిణి ఆమెను చూసి నిరాకరించింది. తరువాత కాక్రన్ కూడా ఉత్తరం ద్వారా ఆ నిర్ణయాన్నే ఖాయం చేసింది. బ్రాగ్ సైనిక నర్సుల విభాగానికి దరఖాస్తు పెట్టుకుంటే నల్లజాతి నర్సుల కోటా నిండిపోయినదని జవాబు వచ్చింది. అప్పుడు ఆమె వాణిజ్య లైసెన్సు కోసం టస్కీగీకి వెళ్ళింది. పరీక్ష బాగా చేసినా, నల్లజాతి యువతికి లైసెన్సు ఇవ్వనని తెల్లజాతి పరీక్షకుడు నిరాకరించాడు. ఆమె షికాగోకు తిరిగి వచ్చి 1943లో ఆ లైసెన్సు సంపాదించింది. నవలలో ఐడాకు టస్కీగీలో ఎదురైన అనుభవం చదివినవారికి బ్రాగ్ గుర్తుకు రాక మానదు.

మిల్‌డ్రెడ్ హెమన్స్ కార్టర్ టస్కీగీ విద్యార్థిని. ప్రభుత్వం నడిపిన పౌర పైలట్ల శిక్షణ పథకంలో పది మంది పురుషులకు ఒక స్త్రీ చొప్పున చోటు ఉండేది. ఆ విధంగా శిక్షణ పొంది 1941 ఫిబ్రవరిలో లైసెన్సు తెచ్చుకున్నది. ఆమె భర్త హెర్బర్ట్ కార్టర్ టస్కీగీ యుద్ధ పైలట్లలో ఒకడు. వాస్ప్‌కు ఆమె పంపిన దరఖాస్తును జాతి కారణంగా తిరస్కరించారు. అంటే టస్కీగీలో స్త్రీలకు లైసెన్సు రావడం అసాధ్యమేమీ కాదు, ఎదురుపడిన పరీక్షకుడిని బట్టి ఫలితం ఉండేది. నవల ఈ సంగతిని కొంత సరళం చేసిందనవచ్చు.

కాక్రన్ తన ఆత్మకథ ద స్టార్స్ ఎట్ నూన్ (1954)లో ఈ విషయం ప్రస్తావించింది. తనకు వ్యక్తిగతంగా పక్షపాతం లేదని, అసలే స్త్రీల దళానికి వ్యతిరేకత ఎక్కువగా ఉన్న సమయంలో మరో వివాదం తోడైతే కార్యక్రమమే ఆగిపోయేదని ఆమె వాదన. పేద కుటుంబం నుంచి వచ్చి, తన పుట్టుపూర్వోత్తరాలను తానే మార్చి చెప్పుకున్న కాక్రన్ ఈ మాట అనడం ఆలోచింపజేస్తుంది. వాదనలో వాస్తవం లేకపోలేదు. విభజన చట్టాలు గల టెక్సాస్‌లో ఒకే బ్యారక్‌లో రెండు జాతులవారు ఉండడం స్థానికంగా గొడవకు దారితీసేదే. కానీ నష్టం ఎవరు భరించాలన్న నిర్ణయం మాత్రం నష్టపోయినవారిని అడిగి చేసినది కాదు. పురుషుల విషయంలో సైన్యం విభజన పాటిస్తూనైనా టస్కీగీలో ప్రత్యేక స్క్వాడ్రన్ ఏర్పాటు చేసి, 1942 మార్చిలో మొదటి ఐదుగురిని పట్టభద్రులను చేసింది. స్త్రీలకు ఆ పాటి ఏర్పాటు కూడా జరగలేదు.

అందుకు నల్లజాతి స్త్రీలలో సమర్థులు లేకపోవడం కారణం కాదు. బెస్సీ కోల్‌మన్ అమెరికాలో ఏ పాఠశాలా చేర్చుకోనందున ఫ్రెంచి భాష నేర్చుకుని, ఫ్రాన్సుకు వెళ్ళి 1921 జూన్‌లో అంతర్జాతీయ లైసెన్సు పొందింది. విల్లా బ్రౌన్ 1938లో అమెరికాలోనే లైసెన్సు పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ. కార్నీలియస్ కాఫీతో కలిసి షికాగోలో ఆమె నడిపిన పాఠశాలలో శిక్షణ పొందినవారు కొందరు తరువాత టస్కీగీ దళంలో చేరారు. ఐడా వెళ్ళాలనుకున్నది ఇటువంటి చోటికే.

ఇతర జాతుల స్త్రీలు

వాస్ప్ పూర్తిగా తెల్లవారిది కాదు. చైనా సంతతికి చెందిన హేజెల్ యింగ్ లీ, మ్యాగీ గీ, ఓగ్లాలా లకోటా తెగకు చెందిన ఓలా మిల్‌డ్రెడ్ రెక్స్‌రోట్ దళంలో పనిచేశారు. తలుపు ఎవరికి తెరవాలి, ఎవరికి మూయాలి అన్న విషయంలో తర్కం కంటే దక్షిణాది అలవాటే పనిచేసినట్లు దీనిని బట్టి తెలుస్తుంది.

హేజెల్ యింగ్ లీ (1912-1944) కథ ఒక నవలకు తగినది. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టి, 1932లో లైసెన్సు పొందింది. జపాను దాడులు మొదలైనప్పుడు చైనా వాయుసేనలో చేరడానికి వెళ్తే స్త్రీ కనుక వద్దన్నారు. వాస్ప్‌లో ఉండగా ఒకసారి కాన్సస్‌లో ఒక పొలంలో అత్యవసరంగా దిగవలసి వచ్చింది. జపాను సైన్యం దిగిందనుకుని రైతు గడ్డి ఎత్తే పంగలకర్ర తీసుకుని ఆమె వెంటపడ్డాడు. యుద్ధ విమానాలు నడిపే అర్హత పొందిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. 1944 నవంబరు 23న మోంటానాలోని గ్రేట్ ఫాల్స్‌లో పి-63 విమానం దించుతుండగా మరొక విమానం ఢీకొన్నది. ఆ విమానాలు సోవియట్ యూనియన్‌కు పంపవలసినవి. రెండు రోజుల తరువాత ఆమె మరణించింది. కొద్ది రోజులకే ఆమె సోదరుడు విక్టర్ ఫ్రాన్సులో యుద్ధంలో మరణించాడు. ఇద్దరినీ ఖననం చేయడానికి కుటుంబం ఎంచుకున్న స్థలం తెల్లవారిదని పోర్ట్‌లాండ్‌లోని శ్మశానం నిరాకరించింది. కుటుంబం పట్టు వదలక పోరాడి ఆ స్థలాన్నే సాధించుకున్నది.

కల్పన, చరిత్ర

నవలలోని బి-29 ఘట్టానికి చారిత్రక ఆధారం ఉన్నది. కొత్తగా వచ్చిన ఈ భారీ బాంబరు ఇంజన్లు తరచుగా మంటలు అంటుకుంటుండడంతో పురుష పైలట్లు దానిని నడపడానికి వెనుకాడారు. 1944 జూన్‌లో లెఫ్టినెంట్ కల్నల్ పాల్ టిబెట్స్ ఇద్దరు వాస్ప్ పైలట్లకు కొద్ది రోజులలోనే శిక్షణ ఇచ్చి, స్థావరాలలో ప్రదర్శనలు ఇప్పించాడు. వారు డోరా డోర్తీ, డొరోతియా జాన్సన్. అప్పటి వరకు నాలుగు ఇంజన్ల విమానం నడపని స్త్రీలే నడిపాక మగవారికి సాకు లేకపోయింది. 1945 ఆగస్టులో హిరోషిమాపై అణుబాంబు వేసిన విమానాన్ని నడిపినది ఈ టిబెట్సే. నవలలో ఆ ఇద్దరి స్థానంలో ఐడా, లిలీ కనిపిస్తారు.

జాతి దాచుకుని వాస్ప్‌లో పనిచేసిన నల్లజాతి స్త్రీ ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు చరిత్రకారులు సమాధానం చెప్పగల స్థితి లేదు. విఫలమైన పాసింగ్ మాత్రమే ఆధారాలు మిగులుస్తుంది. విజయవంతమైనది దస్త్రాలలో తెల్లజాతి అని నమోదై అక్కడితో ముగుస్తుంది. బ్రాగ్, కార్టర్ పేర్లు మనకు తెలియడానికి కారణం వారు సత్యం చెప్పి తిరస్కరణకు గురి కావడమే. చరిత్ర చేరలేని ఈ ఖాళీలో స్మిత్ తన కథను నిలబెట్టింది. చారిత్రక నవలకు ఇంతకంటే న్యాయమైన చోటు దొరకడం అరుదు. అయితే దీనిని చదివిన విద్యార్థులు వాస్ప్‌లో నల్లజాతి స్త్రీలు రహస్యంగా ఉండేవారని నిర్ధారించుకోరాదు.

ఆదరణ

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఈ నవలను యువ పాఠకులకు ఉత్తమ గ్రంథాల జాబితాలో చేర్చింది. కాలిఫోర్నియా బుక్ అవార్డులలో స్వర్ణ పతకం లభించింది. విమాన శిక్షణకు సంబంధించిన వివరాలు ఈ నవలకు బలం. మగవారి కొలతలకు కుట్టిన వదులు దుస్తులలో స్త్రీలు తిప్పలు పడడం, టెక్సాస్ ధూళి, వారాల తరబడి సాగే పరీక్షలు చక్కగా చిత్రించబడ్డాయి. చివరి అధ్యాయాలు కొంత తొందరగా సాగడం, వాల్ట్ జెంకిన్స్ పాత్ర పలుచగా ఉండడం లోపాలు.

ఇదే కోవలోని రచనలు

ఎలిజబెత్ వైన్ వ్రాసిన బ్లాక్ డవ్, వైట్ రేవెన్ (2015) 1930ల నాటి ఇథియోపియా నేపథ్యంగా గల నవల. డీలియా అనే నల్లజాతి స్త్రీ, రోడా అనే తెల్లజాతి స్త్రీ కలిసి అమెరికాలో విమాన విన్యాసాలు చేస్తుంటారు. విమానానికి పక్షి తగిలి డీలియా మరణించగా, జాతి విభజన లేని దేశంలో పిల్లలను పెంచాలన్న స్నేహితురాలి కోరిక మేరకు రోడా ఆమె కొడుకు టియోను, తన కూతురు ఎమిలియాను ఇథియోపియాకు తీసుకువెళ్తుంది. 1935లో ఇటలీ దండయాత్రతో అక్కడికీ యుద్ధం వస్తుంది. ఫ్లైగర్ల్‌లో దాచుకోవడం ప్రధానం కాగా, ఇందులో దేశం విడిచిపోవడం ప్రధానం.

స్మిత్, వైన్ ఇద్దరూ కలిసి అమెరికన్ వింగ్స్ (2024) అనే చరిత్ర గ్రంథం వ్రాశారు. ఇది కల్పన కాదు. జేనెట్ బ్రాగ్, విల్లా బ్రౌన్, కార్నీలియస్ కాఫీ, జాన్ రాబిన్సన్ షికాగోలో సాగించిన కృషి ఇందులో వివరంగా ఉన్నది. వీరిలో రాబిన్సన్ ఇథియోపియాకు వెళ్ళి ఇటలీ దండయాత్ర కాలంలో చక్రవర్తి హైలే సెలాసీ వాయుసేనకు నాయకత్వం వహించాడు.